ఫొటోలు చాలు, పట్టు నేర్పండి
(వాడ మాట – 11)



మార్చి 8 వస్తే చాలు, హాస్టళ్లలో ఒక తంతు మొదలవుతుంది. ఫ్లెక్సీ కడతారు. షామియానా కింద పెద్దల కుర్చీలు, ఎండలో పిల్లల వరుసలు. తెల్ల దుస్తుల మాస్టరు ఒకాయన 'హా' అంటే వందమంది ఆడపిల్లలు 'హా' అని గాలిని గుద్దుతారు. ఫొటో తీస్తారు. బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెడతారు. మర్నాడు జిల్లా పేజీలో 'విద్యార్థినులకు ఆత్మరక్షణ శిక్షణ' అని వార్త. మళ్లీ ఏడాది వరకు ఆ మాస్టరు ఎవరో, ఆ పిల్లలు ఎవరో.

గాలి తిరగబడదు. గాలి జుట్టు పట్టుకోదు. గాలి బరువు డెబ్భై కిలోలు ఉండదు. గాలిని గుద్దడం మాత్రమే నేర్చిన పిల్ల మణికట్టు మీద నిజంగా ఒక చెయ్యి పడిన రోజున ఏం చేస్తుంది? నేర్చుకున్నదేదో ఉందనుకుంటుంది. కానీ ఒంట్లో ఏమీ ఉండదు. అసలు ఏమీ నేర్పకపోయినా పరుగెత్తేది. నేర్పామని నమ్మించి, పరుగెత్తాల్సిన ఆ రెండు క్షణాలు కూడా మనమే లాక్కున్నాం. దీన్ని శిక్షణ అనకండి. మోసం అనండి.

ఇది రాస్తానని చెబితే హిందూపురంలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, భూమి గురించి రాస్తివి, స్కాలర్‌షిప్పుల గురించి రాస్తివి. ఇప్పుడు ఈ బ్రెజిలియన్ జియు జిట్సు ఏంది? అది బెంగళూరు డబ్బున్నోళ్ల ఆట కదా?" అన్నాడు. ప్రశ్న సరైనదే. ఈ భాగమంతా ఆ తమ్ముడికి జవాబు.

ముందు ఒంటి సంగతి మాట్లాడుకుందాం.

కులం పుస్తకంలో ఉందంటారు, బుర్రలో ఉందంటారు. నేనంటాను, కులం ఒంట్లో కూడా ఉంది. రెడ్డి గారు ఎదురైతే భుజమ్మీది తువ్వాలు చంకలోకి పోవడం. చెప్పులు చేతిలోకి రావడం. వీధిలో పక్కకు ఒదగడం. నీళ్లు తాగేటప్పుడు దోసిలి పట్టి నడుం వంచడం. అరుగు మీద కూర్చోకుండా నేలమీద గొంతుక్కూర్చోవడం. వీటిని మా తాతలకు ఎవరూ క్లాసు పెట్టి చెప్పలేదు. మూడేళ్ల వయసు నుంచి రోజూ, ఎదురుగా మనిషిని నిలబెట్టి, తప్పు చేస్తే దెబ్బ వేసి నేర్పారు. అంటే ప్రతిరోజూ సాధన, ఎదురుగా నిజమైన మనిషి, తప్పుకు వెంటనే ఫలితం. ఏ కోచ్‌ను అడిగినా మంచి శిక్షణకు కావాల్సినవి ఈ మూడే అని చెబుతాడు. మన ఒంటికి బానిసత్వాన్ని నేర్పిన వాళ్లకు శిక్షణ శాస్త్రం బాగా తెలుసు. ఆత్మరక్షణ నేర్పాల్సి వచ్చేసరికి మాత్రం అందరూ దాన్ని మరిచిపోతారు.

వందల ఏళ్ల సాధనను మూడు గంటల క్యాంపుతో చెరపగలరా?

ఇప్పుడు జియు జిట్సు సంగతి.

జపాన్‌లో జుజుత్సు పాత యుద్ధ విద్య. అందులో కళ్లు పొడవడం, వేళ్లు విరవడం లాంటి ప్రమాదకరమైన పట్లు చాలా ఉండేవి. అవి ప్రమాదకరం కాబట్టే తోటివాడి మీద పూర్తి బలంతో సాధన చేయలేరు. చేస్తే రేపటికి తోడు ఉండడు. 1882లో టోక్యోలో కోడోకాన్ పెట్టి జూడోను నిలబెట్టిన జిగోరో కానో ఇక్కడే అసలు పని చేశాడు. మనిషిని పాడుచేసే పట్లను విడి సాధనలో పక్కనపెట్టి, మిగిలిన వాటిని ఎదుటివాడు పూర్తిగా ప్రతిఘటిస్తుండగా రోజూ చేయించాడు. పది భయంకరమైన పట్లు తెలిసినవాడి కంటే, రెండు మామూలు పట్లను వెయ్యిమంది మీద వేసి చూసినవాడు నయం. ఇది ఎంత చిన్న మాటో అంత పెద్ద విప్లవం.

కానో శిష్య పరంపరలోని మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరాడు. అక్కడ గ్రేసీ అనే కలిగిన కుటుంబపు కుర్రాడు కార్లోస్‌కు నేర్పాడు. కార్లోస్, అతని తమ్ముడు హీలియో, వాళ్ల బిడ్డలు నేలమీద పోరాటాన్ని పదును పెట్టారు. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ పోటీలో హీలియో కొడుకు రాయిస్ గ్రేసీ తనకంటే బలిష్టులను నేలమీదికి లాగి ఓడించాడు. ఆ రాత్రి నుంచి ప్రపంచమంతా ఈ విద్య వెంట పడింది. అంతవరకు అన్ని జిమ్ములూ చెప్పే కథే.

జిమ్ములు అంతగా చెప్పని కథ ఇంకొకటుంది. మనకు కావాల్సింది అది.

అదే మయేదా దగ్గర లూయిస్ ఫ్రాన్సా అనే ఇంకో శిష్యుడున్నాడు. ఆయన దగ్గర నేర్చినవాడు ఓస్వాల్దో ఫద్దా. ఫద్దా రియో నగరపు ధనవంతుల సముద్రతీరంలో కాకుండా ఊరి చివర, బెంటో రిబేరో అనే పేదల పేటలో బడి పెట్టాడు. డబ్బు లేనివాళ్లకు ఊరికే నేర్పాడు. బయలు జాగాల్లో నేర్పాడు. ఆయన శిష్యులు కాలి పట్లలో ఆరితేరారు. చీలమండను, పాదాన్ని బిగించే పట్లవి. పెద్దింటి జిమ్ములు వాటిని చిన్నచూపు చూశాయి. 'శివారోళ్ల పట్టు' అని ఎగతాళి చేశాయి. 1950ల్లో ఫద్దా బడి గ్రేసీల అకాడమీని బహిరంగంగా సవాలు చేసింది. పోటీ జరిగింది. శివారు పిల్లలు గెలిచారు. ఎగతాళి పాలైన ఆ కాలి పట్లతోనే ఎక్కువగా గెలిచారు.

ఎక్కడో విన్నట్టు లేదూ? డప్పు మోత మోటు అన్నారు. మన యాస మోటు అన్నారు. మన తిండి మైల అన్నారు. మనవాడి చేతిలో ఉన్నంతకాలం మోటు, వాళ్ల చేతికి పోగానే కళ. ఇవాళ ప్రపంచ పోటీల్లో కాలి పట్లు నేర్వనివాడికి దిక్కు లేదు. వాటిని మొదట 'వెలి' పట్లు అన్నారని ఎంతమందికి తెలుసు?

కాబట్టి తమ్ముడూ, ఇది డబ్బున్నోళ్ల ఆటే. డబ్బున్నోళ్ల దగ్గర ఉన్నంతకాలం డబ్బున్నోళ్ల ఆట. ఫద్దా చేతికొస్తే పేటోళ్ల ఆట. చదువు కూడా ఒకప్పుడు వాళ్లదే కదా.

శిక్షణ ఎక్కడ దొరుకుతుందన్నది ఎప్పుడూ కులం ప్రశ్నే. పాల్వంకర్ బాలూను గుర్తు చేసుకోండి. చమార్ కులంలో పుట్టిన మహా స్పిన్నర్. పూనాలో ఇంగ్లీషువాళ్ల క్లబ్బులో మైదానం చదునుచేసే పనివాడు. దొరల సాధన కోసం గంటల తరబడి బంతులు వేయించేవాళ్లు. ఆ గంటలే ఆయన్ను తయారుచేశాయి. ఎదురుగా బ్యాటు పట్టుకుని ఆడేవాడు ఉన్నాడు, రోజూ ఉన్నాడు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. కానీ సొంత హిందూ జట్టులో ఆడేటప్పుడు టీ ఎక్కడిచ్చారు? పెవిలియన్ బయట, విడిగా మట్టి పాత్రలో. బంతి ముట్టుకోవచ్చు, కప్పు ముట్టుకోకూడదు. ఆ దొరలైనా బంతి వేయించుకున్నారే గానీ బ్యాటు ఇచ్చింది లేదంటారు. నైపుణ్యం గాలిలోంచి రాదు, సాధన దొరికిన చోటు నుంచి వస్తుంది. ఏ సాధన ఎవరికి దొరకాలో కులం నిర్ణయిస్తుంది.

క్రికెట్‌లో మనుషుల మధ్య ఇరవై రెండు గజాల దూరం ఉంటుంది. అక్కడే ఇంత మైల. మరి కుస్తీలో?

కుస్తీ, జూడో, జియు జిట్సు, ఇవన్నీ ముట్టుకునే ఆటలు. ఎదుటివాడి చెమట నీ నోట్లో పడుతుంది. నీ చెంప వాడి ఛాతీకి ఆనుతుంది. మన సీమలో గరిడీలు ఉండేవి, తాలింఖానాలు ఉండేవి. గరిడీ మట్టికి పూజ చేసిన ఊళ్లలో ఎన్ని ఆ మట్టిమీద మాదిగ పిల్లవాడిని దొర్లనిచ్చాయో మీ ఊరి ముసలివాళ్లను అడగండి. వాళ్లు చెప్పింది రాసిపెట్టుకోండి. అది మన క్రీడా చరిత్ర.

నేను బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఒక జిమ్ములో నేర్చుకున్నాను. మొదటి వారమే ఒకతను పూర్తి పేరు అడిగాడు, ఊరు అడిగాడు, ఊళ్లో ఎక్కడ అని అడిగాడు. ఆ తర్వాత రౌండుకు జత కట్టే వేళ ప్రతిసారీ నీళ్ల బాటిల్ వైపు నడిచేవాడు. కోచ్ ఒకరోజు గంట కొట్టి, ఎవరు ఎవరితో చేయాలో తానే చెప్పడం మొదలుపెట్టాడు. ఉపన్యాసం ఇవ్వలేదు, ఒక నియమం పెట్టాడు, అంతే. ఆరు నిమిషాలు అతను నా గార్డ్‌లో చిక్కుకుని ఊపిరి పీల్చుకున్నాడు. అతని కులం పోయిందని నేను అనడం లేదు. జిమ్ము బయట టీ కొట్టు దగ్గర అది మళ్లీ వచ్చే ఉంటుంది. కానీ జత కట్టడం మనిషి ఇష్టానికి వదిలేస్తే కులం జత కడుతుంది, నియమం పెడితే ఆగుతుంది. అంబేడ్కర్ మనకు చెప్పింది కూడా మంచి మనసుల్ని నమ్ముకోమని కాదు, రాజ్యాంగం రాసుకోమని.

ఇక అసలు విషయం. శిక్షణ అంటే ఎలా ఉండాలి? హాస్టల్ వార్డెన్లు, పీఈటీలు, విద్యార్థి సంఘాల పిల్లలు ఇది జాగ్రత్తగా చదవండి. ఈసారి 'ఆత్మరక్షణ క్యాంపు' అని ఎవరైనా వస్తే ఈ లెక్కతో ప్రశ్నించండి.

ఒకటి. ముందు పడటం నేర్పాలి. ఎదుటివాడిని పడేయడం తర్వాత. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, వీపు గుండ్రంగా చేసి పడటం. పడేటప్పుడు చెయ్యి చాచి నేలకు ఆనించకూడదు, మణికట్టు పోతుంది. మొదటి రెండు వారాలు ఇదే. కూర్చుని పడటం, గొంతుక్కూర్చుని పడటం, చివర్లో నిలబడి పడటం. జీవితంలో కొట్లాట రాకపోవచ్చు. సైకిలు మీంచి పడటం మాత్రం ఖాయం.

రెండు. కింద ఉన్నప్పుడు బయటపడటం. ఆడపిల్లలకు అన్నిటికంటే ముందు కావాల్సింది ఇదే, ఏ క్యాంపులోనూ నేర్పనిదీ ఇదే. మీద ఎవరైనా కూర్చుంటే సహజంగా రెండు చేతులూ చాచి ఛాతీని తోస్తాం. అదే తప్పు. చాచిన చెయ్యి చిక్కుతుంది. మోచేతులు పక్కటెముకలకు అదమాలి. వాడి ఒక చేతిని హత్తుకుని, అదే వైపు పాదాన్ని మన పాదంతో అడ్డగించి, నడుము ఎత్తి ఆ భుజం మీదుగా దొర్లించాలి. కుదరకపోతే పక్కకు తిరిగి, పాదంతో నేలను తన్ని, తుంటిని వెనక్కి జరుపుతూ మధ్యలోకి మోకాలు దూర్చాలి. రొయ్య వంగినట్టు ఉంటుంది కాబట్టి ప్రపంచమంతా దీన్ని రొయ్య నడక అంటారు. రోజూ గది ఈ చివరి నుంచి ఆ చివరికి రొయ్యలా జరగాలి. చూడ్డానికి నవ్వొస్తుంది. ప్రాణం కాపాడేది అదే.

మూడు. ముందు స్థానం, తర్వాత పట్టు. వీడియోల్లో చూసి చేతులు విరిచే పట్లకోసం ఎగబడతారు కుర్రాళ్లు. కాలు కుదరకుండా చెయ్యి పట్టుకుంటే తిరగబడతారు. నీ బరువు ఎక్కడుంది, నీ తుంటి ఎక్కడుంది, వాడి తల ఎటు తిరిగింది, ఇవి కుదిరాక పట్టు దానంతటదే దొరుకుతుంది. సంఘం పెట్టకుండా ధర్నాకు పోయినవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

నాలుగు. ప్రతిఘటన మోతాదు. ఇక్కడే అసలు మెరుగుదల ఉంది. చాలా జిమ్ములు రెండు చివర్లకే పోతాయి. ఒకటి, ఎదుటివాడు బొమ్మలా పడుకుంటే యాభైసార్లు పట్టు వేయడం. రెండు, నేరుగా పూర్తి కుస్తీ. మొదటిది డాన్సు. రెండోదాంట్లో బలమైనవాడే నేర్చుకుంటాడు, బక్కోడు బతకడమే నేర్చుకుంటాడు. మధ్యలో ఒక మెట్టు కావాలి. ఒక స్థానం నుంచి మొదలుపెట్టండి. పైనున్నవాడి పని నిలబెట్టుకోవడం, కిందివాడి పని బయటపడటం. బయటపడితే ఆపి మళ్లీ మొదట్నుంచి. రెండు నిమిషాలు, తర్వాత మార్పు. ప్రతిఘటన ముందు పావు వంతు, తర్వాత సగం, తర్వాత పూర్తిగా. గంటన్నర క్లాసుంటే సగం సమయం దీనికే ఇవ్వండి. పూర్తి కుస్తీ చివరి ఇరవై నిమిషాలు.

ఐదు. ట్యాప్. చెయ్యి చిక్కినా మెడ చిక్కినా రెండుసార్లు తట్టాలి, లేదా నోటితో చెప్పాలి. తట్టిన క్షణమే వదలాలి. ఎందుకు, ఏమిటి అని అడగకూడదు. మన వాడల్లో 'వద్దు' అన్నమాటకు ఎప్పుడు విలువ దొరికింది? పొలంలో పెత్తందారుకు వినపడలేదు, స్టేషన్లో వినపడలేదు, మన ఇళ్లల్లో మన ఆడవాళ్లు అంటే మన మగవాళ్లకు కూడా వినపడలేదు. రెండు వేళ్ల తాకిడికి బలమైనవాడు వెంటనే ఆగిపోయే చోటు ఒకటుందని పన్నెండేళ్ల పిల్ల ఒంటితో తెలుసుకోవాలి. తట్టడం ఓటమి కాదని, వదలకపోవడం నేరమని మొదటి రోజే చెప్పండి. వదలనివాడిని ఆ రోజే బయటికి పంపండి.

ఆరు. పిల్లలకు మెడ మెలిపెట్టే పట్లు, మడమ మెలిపెట్టే పట్లు వద్దు. మడమ పట్టులో నొప్పి తెలిసేలోపే మోకాలు తెగుతుంది. ఫద్దా శిష్యుల కాలి పట్ల గురించి ఇంత గర్వంగా రాసి ఇది చెబుతున్నాను. ఆయుధం మనదైనా వయసు రావాలి.

ఏడు. చర్మం. ఇది ఎవరూ రాయరు. మ్యాట్ మీద తామర ఒకరికుంటే నెలలో అందరికీ. గోళ్లు కత్తిరించాలి. క్లాసు అయ్యాక మ్యాట్ తుడవాలి. తడి బట్టలు విప్పి స్నానం చేయాలి. అంటే మనిషికో బకెట్ నీళ్లు. అనంత కరువు నేలమీద ఈ ఒక్క మాట దగ్గరే సగం హాస్టళ్ల శిక్షణ ఆగిపోతుంది. కోచ్ జీతంతో పాటు ట్యాంకర్ నీళ్లు కూడా అడగండి. నీళ్లు లేని చోట మ్యాట్ వేస్తే రోగమే వస్తుంది.

ఎనిమిది. తిండి. పలచటి చారుతో కండరం రాదు. సంగటి మంచిదే, ఉలవలు మంచివే, చెనిక్కాయలు మన నేల పండించిన బలం. గుడ్డు రోజూ ఉండాలి. ఇంట్లో పెద్దకూర తినే పిల్ల దాన్ని దాచుకుని తినాల్సిన అవసరం లేదు. ఒంటికి మాంసం కావాలని పతకాల కోసం అందరూ ఒప్పుకుంటారు. వాడలో మాంసం అనగానే ముక్కు మూసుకుంటారు.

ఇప్పుడు రెండు అబద్ధాల గురించి.

మొదటి అబద్ధం, 'టెక్నిక్ ఉంటే బలం అక్కర్లేదు'. ఇది జిమ్ములు అమ్ముకునే మాట. నిజమైతే పోటీల్లో బరువు తరగతులు ఎందుకున్నాయి? టెక్నిక్ బలాన్ని కొంత పూడుస్తుంది, పూర్తిగా కాదు. ఇద్దరు మీదికొస్తే, కత్తి ఉంటే, కింద రాళ్లుంటే నేలమీదికి పోవద్దు. పట్టు విడిపించుకుని పరుగెత్తడమే టెక్నిక్. ఈ మాట చెప్పని మాస్టరును నమ్మకండి.

రెండో అబద్ధం ఇంకా పెద్దది. 'మీ పిల్లలకు కరాటే నేర్పండి, దాడులు ఆగుతాయి'. కారంచేడులో 1985 జూలై 17న, చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్లు చచ్చిపోయింది పట్లు రాక కాదు. గొడ్డళ్లు పట్టుకుని ఊరు ఊరంతా కలిసి వస్తే ఏ బెల్టూ ఆపలేదు. దాడి చేసినవాడిని వదిలి, దెబ్బతిన్నవాడిని 'నువ్వెందుకు నేర్చుకోలేదు' అని అడిగే ప్రతి మాటా నేరస్థుడికి వకాల్తానే. కారంచేడు తర్వాత మనకు దక్కింది దళిత మహాసభ, కదిలిన జనం, ఆ పోరాటాల ఒత్తిడితో వచ్చిన 1989 అత్యాచారాల నిరోధక చట్టం. సంఘానికి, చట్టానికి, కోర్టుకు బదులుగా మ్యాట్ రాదు. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. అవసరానికి మించి కొట్టకూడదన్న హద్దు కూడా అందులోనే ఉంది. ప్రతి క్లాసులో ఒక పావుగంట ఆ సెక్షన్లు చదివించండి.

మరి మ్యాట్ ఎందుకు? మీద బరువు పడినప్పుడు ఊపిరి ఆపకుండా ఆలోచించడం ఒంటికి రావాలి కాబట్టి. కిందపడటం అంటే అయిపోవడం కాదని తెలియాలి కాబట్టి. తల దించుకుని నడవమని నేర్చిన మెడ నిలబడాలి కాబట్టి. పొలంలో, బస్సులో, ల్యాబులో, ఇంటర్వ్యూలో ఆ మెడ పనికొస్తుంది. బాబాసాహెబ్ కాలంలో సమతా సైనిక్ దళ్ కుర్రాళ్లకు కవాతు, కర్ర ఎందుకు నేర్పారు? కర్రతో రాజ్యం వస్తుందని కాదు. వంగిన నడుం నిటారు కావాలని.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. ముట్టుకునే ఆటలో ముట్టుకునే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది ప్రాణంతో సమానం. 2023లో వినేశ్ ఫొగాట్, సాక్షి మలిక్ లాంటి ఒలింపిక్ స్థాయి మల్లయోధులే లైంగిక వేధింపుల మీద జంతర్ మంతర్‌లో రోడ్డున కూర్చోవాల్సి వచ్చింది. పేరున్న వాళ్ల గతే అది. హాస్టల్ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? అందుకే ఆడపిల్లల క్లాసుకు మహిళా కోచ్. తలుపు తెరిచి క్లాసు. ఫిర్యాదు వినే కమిటీలో బయటి మనిషి. ఇవి లేకుండా మ్యాట్ వేయకండి.

'మన పిల్లలకు అంత ఓపిక ఉండదు, సార్' అని ఒక మాట వినపడుతుంది. మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ పేర్లు చెప్పండి. ఒకరు ఆదివాసీ బిడ్డ, ఒకరు దళిత బిడ్డ. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్లకు ఎవరూ ఒకరోజు క్యాంపు పెట్టలేదు. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్ పంపి, లడఖ్ చలిలో ఉంచి నెలల తరబడి తయారుచేశారు. అదే పిల్లలు, అదే హాస్టళ్లు. మారింది శిక్షణ ఒక్కటే.

ఇక మా చిలమత్తూరు సంగతి. మండలం గుండా నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి పోతుంది. కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటక, ఇంకో రెండు గంటల్లో బెంగళూరు. పొద్దున బస్సుల్లో మన పిల్లలు కూలికి, సెక్యూరిటీ పనికి, ప్యాకింగ్ పనికి పోతారు. లేపాక్షి నాలెడ్జ్ హబ్ అని చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8 వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు. పేదల అసైన్‌మెంట్ భూములూ అందులో పోయాయి. నాలెడ్జ్ రాలేదు, హబ్బూ రాలేదు. వేల ఎకరాలు దొరికిన మండలంలో మ్యాట్ వేయడానికి నలభై అడుగుల గది దొరకదంటే నేను నమ్మను.

జూడో కావాలంటే అనంతపురంలో ఆర్డీటీ క్రీడా గ్రామం ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ జిల్లాకు వచ్చి మొదలుపెట్టిన సంస్థ అది. పల్లె పిల్లలకు హాకీ, ఫుట్‌బాల్, టెన్నిస్‌తో పాటు జూడో కూడా నేర్పిస్తోంది. మంచి పని. కానీ అది మాకు సుమారు వంద కిలోమీటర్లు. ఒక స్వచ్ఛంద సంస్థ చేయగలిగింది ప్రభుత్వం ఎందుకు చేయదు? 2013 ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం ఉంది. ఆ డబ్బు మన జనాభా వాటా. భిక్ష కాదు. దాన్ని అందరికీ వేసే రోడ్లకు, పైపులకు లెక్క రాసేస్తుంటే మనం గొంతెత్తాలి.

అందుకని మన డిమాండ్లు ఇవి. విద్యార్థి సంఘాలు దీన్ని కాగితం మీద పెట్టి కలెక్టరు గ్రీవెన్స్‌కు తీసుకెళ్లండి.

ప్రతి ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టల్‌కూ గురుకులానికీ వారానికి మూడు రోజులు, ఏడాది పొడవునా కుస్తీ లేదా జూడో లేదా జియు జిట్సు క్లాసు. ఒకరోజు క్యాంపులకు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదు.

ఒక హాస్టల్ సముదాయానికి ఒక మ్యాట్ గది, నీటి వసతితో.

మహిళా కోచ్‌లు. మన వాడల్లోంచే పదిమందిని ఎంచి ఏడాది శిక్షణ ఇచ్చి నియమించాలి.

సాధన చేసే పిల్లలకు రోజూ అదనపు గుడ్డు, పల్లీలు, పాలు. దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు.

జత కట్టేది కోచ్. కులాన్ని, ఊరిని చూసి జత మార్చుకునే వీలు ఉండకూడదు.

ప్రభుత్వం ఇచ్చేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. కుస్తీ తెలిసినవాళ్లు, జూడో ఆడినవాళ్లు, నాలాగా నగరాల్లో నేర్చుకున్నవాళ్లు ఆదివారాలు ఊరికి రండి. నేను వస్తున్నాను. మెత్తటి నేల, మందపాటి టార్పాలిన్, తెలిసిన మనిషి ఒకరు, తట్టగానే వదిలే క్రమశిక్షణ ఉంటే మొదటి మూడు నెలలు గడుస్తాయి. పడేసే పట్లు మాత్రం సరైన మ్యాట్ వచ్చేదాకా వద్దు. మోకాళ్ల మీద నుంచే మొదలుపెట్టండి. కలిసి చేసిన సాధన లెక్క ఒక పుస్తకంలో రాయండి. ఎవరు ఎన్ని రోజులు వచ్చారు, ఎవరు ఎందుకు మానేశారు. ఆ పుస్తకమే రేపు అధికారుల ముందు మన సాక్ష్యం.

బెల్టులు తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు. నల్ల బెల్టుకు పదేళ్లు పట్టొచ్చు. నిచ్చెన మెట్ల సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, పుట్టుకతో తెలుసు. తేడా ఒక్కటే. ఈ నిచ్చెనలో పై మెట్టు ఎవరి తాతదీ కాదు. ఎక్కినవాడిది.

వచ్చే భాగంలో ఉప ప్రణాళిక నిధులు మండల స్థాయిలో ఎలా దారి మళ్లుతాయో, సమాచార హక్కు దరఖాస్తులో ఏ ప్రశ్నలు అడగాలో రాస్తాను. ఈలోపు మీ హాస్టల్లో చివరి ఆత్మరక్షణ క్యాంపు ఎప్పుడు జరిగింది, ఎన్ని గంటలు, ఎవరు నేర్పారు, అందులో ఒక్క పట్టైనా ఇవాళ ఎవరికైనా గుర్తుందా కనుక్కుని పెట్టండి.

జై భీమ్. జై సావిత్రీబాయి.